సంఘం మహిళలతో కారం యూనిట్ పెట్టాలంటే ముందు చూడాల్సింది

మీరు బయట దేశంలో ఉద్యోగం చేస్తున్నారు, పల్నాడులో మీ ఊరి పొదుపు సంఘం మహిళలతో కారం, పచ్చళ్ల యూనిట్ పెట్టించాలనుకుంటున్నారు. ట్రైనింగ్ ఇప్పించడం మేలా, మిషన్లు కొనివ్వడం మేలా అని అడిగారు. గుంటూరు జిల్లాలో అలాంటి యూనిట్ నడుపుతున్న సంఘంలో నేను సభ్యురాలిని. ఆ రెండింటికంటే ముందు, అమ్మే పనీ అమ్మిన డబ్బూ ఆడవాళ్ల చేతిలో ఉండేలా చూడమంటాను.

మిర్చి గురించి మన వైపు ఆడవాళ్లకు కొత్తగా నేర్పాల్సింది తక్కువే. నారు నాటడం, కలుపు, కోతలు, కల్లంలో ఎండబెట్టడం, తాలు (రంగు పోయిన) కాయలు ఏరడం, తొడిమలు తీయడం, వీటిలో ఎక్కువ భాగం వాళ్లే చేస్తారు. కాయ చేత్తో పట్టుకుని ఇంకో ఎండ కావాలో వద్దో చెప్పేస్తారు. కానీ టిక్కీలు (మిర్చి బస్తాలు) లోడెక్కి మిర్చి యార్డుకు పోయేటప్పుడు వెంట వెళ్లేది మగవాళ్లు. పొలం పాస్‌బుక్కు మగవాళ్ల పేరు మీద ఉంటే పంట రుణమైనా, ఏడాదికి ₹6,000 పీఎం కిసాన్ డబ్బైనా వాళ్ల ఖాతాలోనే పడుతుంది. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ మన రాష్ట్రం 1985లోనే చట్టం మార్చుకుంది, దేశమంతటికీ 2005లో వచ్చింది. అయినా ఎంతమంది ఆడవాళ్ల చేతిలో పాస్‌బుక్కు ఉందో మీ ఊళ్లోనే అడిగి చూడండి.

మా యూనిట్‌లో కూడా మొదట్లో అలాగే నడిచింది. మేము కారం పట్టి ప్యాక్ చేసి ఇస్తే, ఇళ్లలోని మగవాళ్లు బండి మీద తీసుకెళ్లి టౌన్ షాపుల్లో వేసి వచ్చేవాళ్లు. ఎవరికి ఎంత అరువిచ్చారో మాకు తెలిసేది కాదు. డబ్బులు పంపే క్యూఆర్ కోడ్ కూడా ఒక సభ్యురాలి భర్త ఖాతాదే. వచ్చిన డబ్బు ఎరువుల బాకీకో ఫీజులకో పోయేది. ఎవరూ మోసం చేయాలని చేసింది కాదు, కానీ నెలాఖరుకు పంచుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. తర్వాత సంఘం ఖాతాకే క్యూఆర్ కోడ్ తీసుకున్నాం. ఇద్దరు సభ్యులు కలిసి షాపులకు వెళ్లడం, అరువు పుస్తకం వాళ్లే రాయడం మొదలైంది. "మీ ఆయన్ని పంపమ్మా" అన్న షాపులు కొన్ని ఉన్నాయి. మానకుండా వెళ్తుంటే ఆ మాట పోయింది. అంతకన్నా పెద్ద లాభం, ఏది కదులుతుందో మాకు నేరుగా తెలిసింది. కిలో ప్యాకెట్లు అలాగే ఉండిపోతున్నాయి, పావుకిలోవి అడుగుతున్నారు. నల్ల కారం, కంది పొడి ఉన్నాయా అని షాపుల్లో అడిగాకే అవి చేయడం మొదలుపెట్టాం. ఇప్పుడు ధర చెప్పేది కూడా మేమే.

ఇక మీ డబ్బు ఎక్కడ బాగా పనికొస్తుందంటే, సరుకు కొనడానికి. మిషన్‌కు బ్యాంకు లోను దొరుకుతుంది. కొత్త మిర్చి వచ్చే నెలల్లోనే కాయ కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటేనే ఏడాదంతా ఒకే రంగు, ఒకే ఘాటు వస్తాయి. ఆ కొద్ది వారాల్లో చేతిలో డబ్బు లేకపోతే, తర్వాత ఎంత ధర ఉంటే అంతకు కొనాల్సిందే. 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో చిన్న ఫుడ్ యూనిట్లకు 35 శాతం సబ్సిడీ (₹10 లక్షలు దాటకుండా), సంఘం సభ్యురాలికి ₹40,000 వరకు సీడ్ క్యాపిటల్ (మొదటి పెట్టుబడి) పెట్టారు. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) ఆఫీసులో కనుక్కోండి. మీరు ఇచ్చేది కూడా దానంలా కాకుండా సంఘానికి అప్పుగా ఇవ్వండి. అప్పు తీర్చడం వాళ్లకు కొత్త కాదు. 1990లలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత నెల్లూరు జిల్లాలో ఊపందుకున్న పొదుపు సంఘాల నుంచి వచ్చిన అలవాటది.

కూలి సంగతి కూడా ముందే తేల్చండి. లాభం వచ్చాక పంచుకుందాం అంటే, ఇల్లు గడవాల్సిన మనిషి రెండు వారాలు కూడా ఆగలేదు, మళ్లీ పొలానికి పోతుంది. అప్పుడు యూనిట్‌లో మిగిలేది కాస్త కలిగిన ఇళ్లవాళ్లే. నాకు చాలా బాధ కలిగించే విషయం ఇదే. పనికి వచ్చిన రోజు కూలి ఆ వారమే చేతిలో పడాలి, లాభం దాని తర్వాత. కోతల నెలల్లో పొలంలో కూలి బాగుంటుంది కాబట్టి అప్పుడు యూనిట్ పని తగ్గించుకోవడమే మంచిది. మిగతా రోజుల్లో వంట, పిల్లల బడి చూసుకుని పదింటికి వచ్చి మూడింటికి వెళ్లేలా టైమ్ పెట్టండి.

కాగితాలు పెద్ద కష్టం కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో అవుతుంది, వచ్చిన 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేయాలి. కారం, పసుపు లాంటి పొడులు విడిగా తూచి అమ్మకూడదు, ప్యాక్ చేసే అమ్మాలి. షెడ్డు ఎవరిదైనా సరే, అద్దె అగ్రిమెంటు మాత్రం సంఘం పేరు మీద రాయించండి.

ఊరికి వచ్చినప్పుడు సర్పంచ్ గారితో మీటింగ్ పెట్టకముందే, సంఘం మీటింగ్ జరిగే రోజు వెళ్లి ఆడవాళ్లతో విడిగా కూర్చోండి. అసలు వాళ్లకు కారం యూనిట్ కావాలా, వేరే ఏదైనా ఉందా అని అడగండి. మా పక్క ఊరి సంఘానికి పచ్చళ్లు పెడదామని బయటివాళ్లు చెప్తే, వాళ్లు వద్దని గేదెలు కొనుక్కుని పాలు పోస్తున్నారు, బాగానే ఉన్నారు.