డైరెక్టర్ కుర్చీ ఎక్కితే శాస్త్రవేత్త పని అయిపోయినట్టేనా?

“మంచి శాస్త్రవేత్తను డైరెక్టర్‌ని చేస్తే దేశానికి ఒక శాస్త్రవేత్త తగ్గినట్టే కదా?” అని ఈమధ్య ఒకరు అడిగారు. నేనస్సలు ఒప్పుకోను. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు డైరెక్టర్ కుర్చీలో కూర్చోకపోయుంటే, మొదటి ఏడాది రాసుకున్న నోట్సే చివరిదాకా చెప్పి రిటైరయ్యేవాణ్ణి.

కేంబ్రిడ్జ్‌లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి గురుత్వాకర్షణకు కొత్త సిద్ధాంతం చెప్పి, 26 ఏళ్లకే పద్మభూషణ్ అందుకున్న మనిషి ఆయన. 1972లో తిరిగొచ్చి ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో చేరారు. అక్కడే ఉండిపోవచ్చు. కానీ 1988లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తరఫున పుణెలో ఐయూకా అనే ఖగోళ పరిశోధనా సంస్థ మొదలుపెట్టి, 2003 దాకా నడిపారు. యూనివర్సిటీల్లో, కాలేజీల్లో పనిచేసే మాలాంటి వాళ్లు వచ్చి, కొన్నాళ్లుండి, పరిశోధన చేసుకుని వెళ్లే చోటు అది.

1990లలో ఒకసారి అలాగే వెళ్లాను. ఆ శనివారం స్కూలు పిల్లలకు ఉపన్యాసం. అవగానే పిల్లలంతా ఆటోగ్రాఫ్ పుస్తకాలతో నార్లీకర్ గారి చుట్టూ మూగారు. ఆయన సంతకం పెట్టలేదు. సందేహం ఏదైనా ఉంటే పోస్టు కార్డు మీద రాసి పంపండి, జవాబు రాసి కింద సంతకం చేస్తానన్నారు. నా పక్కనున్న పిల్లాడి ముఖం వాడిపోయింది. పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాడు. బయట న్యూటన్ విగ్రహం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏం అడగాలా అని స్నేహితుడితో వాదన మొదలుపెట్టాడు. ఒక్క సంతకం పడేస్తే ఇంటికెళ్లి మర్చిపోయేవాడు కదా!

మన దగ్గర పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు బదిలీలు, ఫైళ్లు, సన్మానాలే సరిపోతాయి. పదవి వచ్చాక పరిశోధనకు టైమెక్కడిది అంటారు. నార్లీకర్ గారు హాయిల్, మరో ఖగోళ శాస్త్రవేత్త జెఫ్రీ బర్బిడ్జ్‌లతో కలిసి 1993లో కొత్త విశ్వ నమూనా ప్రతిపాదించింది డైరెక్టర్‌గా ఉండగానే. విశ్వం ఒక మహా విస్ఫోటంతో మొదలైందనే బిగ్ బ్యాంగ్ సిద్ధాంతాన్ని ఒప్పుకోని ఆ నమూనాను ఎక్కువమంది అంగీకరించలేదు, అది వేరే సంగతి. పని ఆపలేదు, అదీ నాకు కావాల్సింది.

మా కాలేజీలో ఒక టెలిస్కోప్ ఉండేది. పగిలితే జీతంలోంచి కోస్తారన్న భయంతో ఎవరూ ముట్టుకోక, బీరువాలోనే బూజు పట్టింది. పుణె నుంచి వచ్చిన వారమే స్టాక్ రిజిస్టర్‌లో నా పేరున రాయించుకుని, తుడిచి, డాబా మీదికి మోసుకెళ్లాను. ఆ రాత్రి మొదట చూసింది మా అటెండరు. శని వలయాలు కనబడగానే కిందికి పరిగెత్తి వాచ్‌మన్‌ని కూడా పిలుచుకొచ్చాడు.