కూతురు ఎంచుకున్న అబ్బాయిని మనసు ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలి?

"నా కూతురికి 27 ఏళ్లు. ఉద్యోగం చేస్తోంది. వేరే మతం అబ్బాయిని చేసుకుంటానంటోంది. పిల్లాడు మంచివాడే అంటున్నారు, కానీ నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎలా ఒప్పుకోవాలి?" అని ఒక తల్లి అడిగారు. ఇదే బాధ నేనూ పడ్డాను కాబట్టి రాస్తున్నాను.

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. 2022 దీపావళి వెళ్లిన మర్నాడు మా అమ్మాయి వంటింటి గుమ్మంలో నిలబడి విషయం చెప్పింది. అబ్బాయి క్రిస్టియన్. షిప్‌యార్డులో ఉద్యోగం. మాది శాకాహారం ఇల్లు. నేను స్టవ్ ఆపేసి గదిలోకి వెళ్లి పడుకున్నాను.

మావారు ఏమన్నారో తెలుసా? "నాకేం అభ్యంతరం లేదమ్మా, మీ అమ్మని ఒప్పించు" అన్నారు. ఇలా అనే తండ్రులంటే నాకు చాలా కోపం. కాదనే బాధ్యతంతా తల్లి నెత్తిన పెట్టేసి తాము మంచివాళ్లయిపోతారు. మరి మీ అన్నయ్యకి ఎవరు చెప్తారండీ అంటే పేపర్ తెరిచి కూర్చున్నారు. ఎనిమిది నెలలు ఆ ఇంట్లో చెడ్డదాన్ని నేనొక్కదాన్నే. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటే ముందు ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడించండి.

ఆ ఎనిమిది నెలల్లో నేను చెప్పని కారణం లేదు. తిండి కుదరదన్నాను. రేపు పిల్లలు పుడితే ఏ పేరు పెడతారన్నాను. జాతకం చూపించి దోషం ఉందన్నాను. సంబంధాలు చూసే ఒకాయన వాట్సాప్‌లో రోజూ నాలుగు ఫొటోలు పంపేవాడు, అవన్నీ దానికి పంపేదాన్ని. ఫీజు పట్టుకెళ్లిపోయాడు తప్ప ఒక్క మాట కూడా నిజం చెప్పలేదు, అదో బాధ. అమ్మాయి స్నేహితురాలు ఒకతి నాకు సుప్రీంకోర్టు తీర్పు పంపింది, 2018లో శక్తివాహిని కేసులో వచ్చింది. మేజర్లు ఇద్దరు ఇష్టపడితే ఇంట్లోవాళ్ల ఒప్పుదల అక్కర్లేదని అందులో ఉంది. చదివాను. ఇరవై ఏడేళ్లు పెంచిన తల్లికి "నీతో పని లేదు" అని కాగితం మీద రాసి పంపినట్టు అనిపించింది. దయచేసి తల్లులకి తీర్పులు పంపకండి.

నా మనసు మారింది సింహాచలం గిరి ప్రదక్షిణలో. 2023 ఆషాఢంలో. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. కొండ కింద తొలిమెట్టు, తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి మధ్యాహ్నం బయల్దేరితే, నాలాంటివాళ్లకి తెల్లవారిపోతుంది. ఆ అబ్బాయిని మర్చిపోయేలా చెయ్యమని అప్పన్నకి మొక్కుకుని బయల్దేరాను. ఒక్కదాన్నీ నడవలేనని అమ్మాయి వెంట వచ్చింది. నా మొక్కేమిటో దానికి తెలుసు. తెలిసే వచ్చింది.

హనుమంతవాక దగ్గర ఎవరో మజ్జిగ పంచుతున్నారు. అక్కడ మా వీధి ఆవిడ కనిపించింది. "వదినగారూ, అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" అంది. అమ్మాయి రెండు గ్లాసులూ పట్టుకుని నా పక్కనే ఉంది. "చూస్తున్నామండీ, ఇంకా ఏదీ కుదరలేదు. మీ ఎరికలో మంచివి ఉంటే చెప్పండి" అన్నాను. అంతటితో ఆపినా బాగుండేది. "మనవాళ్లలోనే" అని కూడా అన్నాను.

అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. నా గ్లాసు నాకిచ్చింది. అక్కడి నుంచి నాకు రెండడుగులు వెనకే నడిచింది. అంతవరకు నా చెయ్యి పట్టుకునే ఉంది.

అప్పుఘర్ చేరేసరికి బాగా రాత్రయింది. జనం సముద్రంలో స్నానాలు చేస్తున్నారు. నా మడమలో గాజుపెంకు లాంటిదేదో దిగి కాలు కింద పెట్టలేకపోయాను. ఇసుకలో కూర్చున్నాను. అది నా గాజుకున్న పిన్నీసు తీసి, నా కాలు ఒళ్లో పెట్టుకుని, సెల్‌ఫోన్ లైటు నోట కరుచుకుని మెల్లగా తీసింది. తీసి అరచేతిలో పెట్టి చూపించింది, చిన్నప్పుడు దానికి ముల్లు గుచ్చుకుంటే నేను తీసి చూపించినట్టే. అప్పుడు అంది, "అమ్మా, ఆవిడ ముందు నన్ను నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నేను పక్కనే ఉన్నాను కదా. ఇన్ని నెలల్లో ఒక్కసారైనా అతని పేరు పలికావా నువ్వు?"

పలకలేదు. "ఆ అబ్బాయి", "అతను", కోపం వస్తే "వాడు". పేరు పెట్టి పిలిస్తే ఒప్పుకున్నట్టవుతుందని భయం.

ఇంకా సగం దారి ఉంది. ఇసుకతోట దాటి, సీతమ్మధార, మాధవధార. సన్నగా వాన. నాకు నిజంగా ఏది భయం అని నడిచినంతసేపూ నన్ను నేనే అడుక్కున్నాను. మతమా? పోర్టు దగ్గర మూడు కొండలున్నాయి. ఒకదాని మీద వెంకన్న గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మరియమ్మ చర్చి. చిన్నప్పుడు మా నాన్న మమ్మల్ని మూడింటికీ తీసుకెళ్లేవారు. పదో తరగతి పరీక్షల ముందు ఆ చర్చిలో కొవ్వొత్తి వెలిగించి వచ్చినదాన్ని నేను. మతం కాదు. తిండీ కాదు, ఆఫీసు క్యాంటీన్‌లో అది ఏం తింటుందో నాకు తెలియనిది కాదు. నా భయం మా అక్క. మా అక్కకి ఏం చెప్పాలి, మా బావగారికి ఏం చెప్పాలి, ఆ మజ్జిగ దగ్గర ఆవిడకి ఏం చెప్పాలి. అంతే. నూటికి తొంభై మంది తల్లుల సంగతి ఇదేనని నేను గట్టిగా చెప్తాను. కాబోయే అల్లుడి మీద మనకి కోపం ఉండదు. అతని గురించి నలుగురికీ సమాధానం చెప్పుకోవలసి వస్తుందే అన్నదే బాధ.

ఇంటికొచ్చి నిద్ర లేచాక, కాళ్ల వాపు దిగకుండానే అక్కకి ఫోన్ చేశాను. చేతులు వణికాయి. పేరుతో సహా అంతా చెప్పేశాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "ఇప్పుడు ఆషాఢం కదే. 18 నుంచి అధిక శ్రావణం. నిజ శ్రావణం దాకా ముహూర్తాలు లేవు. అప్పుడైతే నేనూ వస్తాను, మోకాలి ఆపరేషన్ పెట్టుకోకముందే కానియ్యండి" అంది. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఎనిమిది నెలలు ఈ ఒక్క ఫోన్‌కి భయపడి నా పిల్లని ఏడిపించాను.

తర్వాత 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చారు. ముప్పై రోజులు ఆ నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు. ఇదేం పద్ధతో నాకు నచ్చలేదు. ఇళ్లల్లో గొడవలున్న పిల్లలకి ఆ నెల రోజులూ ఎంత టెన్షనో ఆలోచించండి. ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. ముందే పెళ్లయి భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, దగ్గరి రక్తసంబంధం లాంటివాటికే అభ్యంతరం చెప్పాలట. అమ్మకి ఇష్టం లేదన్నది అందులో లేదు. ముగ్గురు సాక్షుల్లో నేనొకదాన్ని. నిజ శ్రావణంలో పెళ్లయింది. అక్క వచ్చింది.

అన్నీ సర్దుకుపోయాయని చెప్పను. మా బావగారు ఇప్పటికీ మా గడప తొక్కడం లేదు. సంక్రాంతికి ఫోన్ చేస్తే ఎత్తి "మీ ఆయనకివ్వు" అంటారు. అల్లుడి వాళ్లింట్లో చేపలు వండిన రోజు నేను అన్నం తినలేను, మా వియ్యపురాలు నాకు విడిగా పప్పు పెడుతుంది. అల్లుడి పేరు పిలవడానికి కూడా మొదట్లో నోరు తిరగలేదు.

మీరు మీ ప్రశ్నలో అమ్మాయి వయసు రాశారు, అబ్బాయి మతం రాశారు. పేర్లు ఇక్కడ రాయక్కర్లేదు, నేనూ రాయలేదు. కానీ ఇవాళ రాత్రి భోజనాల దగ్గర, ఆ అబ్బాయిని పేరుతోనే అంటూ, ఎలా ఉన్నాడని మీ అమ్మాయిని అడగండి. మీరు ఎవరికి భయపడుతున్నారో వాళ్లకి ఫోన్ రేపు చెయ్యొచ్చు.