ఎడారి గులాబీ పూయాలంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వేళచ్చేరిలో మీ మేడ మీద పెట్టుకున్న ఎడారి గులాబీ, అదే అడీనియం, గుబురుగా ఆకులు వేస్తున్నదే కాని ఒక్క పువ్వూ పూయలేదని బాధపడుతూ రాశావు. రోజూ తప్పకుండా నీళ్ళు పోస్తున్నానని అదే ఉత్తరంలో రాశావు కదా, కారణం అక్కడే ఉంది. ఆఫ్రికాలోనూ అరేబియాలోనూ నెలల తరబడి వాన చుక్క లేని నేలల్లో, ఉబ్బిన మొదలులో నీరు దాచుకొని బతికే మొక్క అది. తడీ ఎరువూ ఎక్కువైతే దాని బలమంతా ఆకులకే పోతుంది. పైమట్టి బాగా ఆరిందాకా నీళ్ళు పోయకు. ఆరు గంటల ఎండ పడే చోటికి మార్చు.

దాహమో కాదో తెలుసుకోవడానికి మొదలును బొటనవేలితో నొక్కి చూడు. పచ్చి బంగాళాదుంపలా గట్టిగా ఉంటే నీళ్ళు అక్కరలేదు. పొడిమట్టిలో మెత్తబడితే దాహమని, తడిమట్టిలో మెత్తబడితే కుళ్ళని అర్థం. మైలాపూరులో ఎనిమిదేళ్ళు పెంచిన చెట్టును ఒక కార్తికమాసపు ముసురులో, కుండీ కింద పళ్ళెం తీయడం మరచి పోగొట్టుకున్నాను. ఆ దిగులు ఇప్పటికీ ఉంది. మద్రాసులో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్యే కురుస్తుంది కనుక ఆ మూడు నెలలూ కుండీ చూరు కిందే ఉండాలి. కుళ్ళు కనబడితే తెల్లని గట్టి కండ తగిలేదాకా కోసి, నీడలో వారం రోజులు ఆరనిచ్చి, పొడిమట్టిలో నాటితే చాలాసార్లు బతుకుతుంది.

పువ్వులు కొత్త చిగుళ్ళ కొసలనే వస్తాయి. అందుచేత ఈ ఫిబ్రవరిలోనే కొమ్మలను మూడో వంతు కత్తిరించు. ఎండలు ముదిరేసరికి మొగ్గలు కనబడతాయి. ఇది గన్నేరు కుటుంబానిది, రసం విషం. చేతికి తొడుగు వేసుకో, కత్తెర కడుగు, బాబును దగ్గరికి రానివ్వకు. గన్నేరును తినే లావుపాటి ఆకుపచ్చ గొంగళిపురుగే దీనినీ ఒక్క రాత్రిలో బోడిచేస్తుంది. ఆకుల అడుగున వెతికి ఏరివెయ్యి.

నర్సరీవారు ఇచ్చిన కొబ్బరిపొట్టు తడిని విడవదు, దానిని మార్చవలసిందే. ఎర్రమట్టి, ముతక ఇసుక, ఇటుక ముక్కలు జల్లించి ఉంచాను. ఆదివారం తెస్తాను, అంతవరకు నీళ్ళు పోయకు.

ఆశీస్సులతో,
మామయ్య