"స్పీడ్ లిమిట్ మీద ఎంతవరకు పోవచ్చన్నా?" డాలస్ శివార్లలో కొత్తగా కారు కొన్నవాళ్ళకి

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, లిటిల్ ఎల్మ్, ప్రాస్పర్... డాలస్ చుట్టుపక్కల కొత్తగా దిగిన మనవాళ్ళు కారు కొన్న కొద్దిరోజులకే అడిగే సందేహం ఒకటుంది. "అన్నా, లిమిట్ మీద ఎంత పోతే కాప్ పట్టుకోడు? ఐదా, పదా?" అప్పటికే ఎవరో ఒకరు "పది దాకా పర్లేదులే" అని చెప్పేసి ఉంటారు. టెక్సస్ చట్టంలో అలాంటి వెసులుబాటు ఏదీ లేదు. బోర్డు మీద 30 (గంటకి మైళ్ళు) ఉంటే 31కి కూడా టికెట్ రాయొచ్చు. చాలాసార్లు రాయకుండా వదిలేస్తారు, నిజమే. అది ఆ ఆఫీసరు ఇష్టం, మన హక్కు కాదు.

నా బాధ టోల్‌వే మీద వేగం గురించి కాదు. అక్కడ అందరూ ఒకే దిక్కుకి పోతారు, నడిచేవాళ్ళు ఉండరు, అడ్డంగా ఎవరూ రారు. టోల్‌వే మీద 70లో వచ్చి, ఎల్డొరాడో లాంటి ఆరు లేన్ల పార్క్‌వే మీద నలభై చిల్లరకి దిగి, అక్కణ్ణించి కమ్యూనిటీలోకి తిరుగుతాం చూడండి, అక్కడే గొడవంతా. వీధి మారింది గానీ కాలు మారలేదు. రోడ్డు నున్నగా, వెడల్పుగా, మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటుంది కాబట్టి 40లో పోతున్నా నెమ్మదిగానే పోతున్నట్టు ఉంటుంది. ఇక్కడ ఊళ్ళో వీధికి బోర్డు లేకపోతే లిమిట్ 30 మైళ్ళు, ఇళ్ళ వెనకాల ఉండే సందులో (ఆలీ అంటారు) 15. ఇళ్ళ మధ్య వీధులకి చాలాచోట్ల 25 పెట్టారు.

25కీ 40కీ తేడా ఏముందిలే అనుకునేవాళ్ళు ఒక్కసారి ఈ లెక్క చెయ్యండి. ఆగి ఉన్న వ్యాన్ వెనక నుంచి బంతి కోసం ఒక పిల్లాడు మీకు 90 అడుగుల దూరంలో రోడ్డు మీదకి వచ్చాడు. చూసి, గ్రహించి, బ్రేకు మీద కాలు వెయ్యడానికి మామూలు మనిషికి సుమారు సెకనున్నర పడుతుంది. 25లో ఉంటే ఆ సెకనున్నరలో కారు 55 అడుగులు పోతుంది, బ్రేకు పడ్డాక మరో 30 అడుగుల్లో ఆగుతుంది. పిల్లాడు బతికాడు. 40లో ఉంటే ఆ సెకనున్నరలోనే 88 అడుగులు పోయారు. అంటే మీ కాలు బ్రేకుకి తగిలే సరికి పిల్లాడు బంపర్ ముందు ఉన్నాడు, కారు వేగం ఇంకా 40. "నేను చూసుకుని నడుపుతా", "నా కారు బ్రేకులు బాగుంటాయి" అనే మాటలకి ఇక్కడ విలువ లేదు. బ్రేకులు పని మొదలుపెట్టేలోపే అంతా అయిపోతుంది.

ఇక్కడ రోడ్డు భద్రత మీద పరిశోధన చేసే ట్రిపుల్ ఏ ఫౌండేషన్ 2011లో పాదచారుల ప్రమాదాల మీద ఒక అధ్యయనం వేసింది. 23 మైళ్ళ వేగంతో తగిలితే చనిపోయే అవకాశం పది శాతం, 32కి పాతిక శాతం, 42కి సగానికి సగం. అదే వేగానికి ముసలివాళ్ళకి ముప్పు ఇంకా ఎక్కువని కూడా తేల్చింది. ఇంతా చేసి వేగంగా పోతే మిగిలే సమయం ఎంత? గేటు నుంచి ఇంటికి మైలు దూరం ఉందనుకున్నా, 25లో రెండు నిమిషాల 24 సెకన్లు, 40లో నిమిషంన్నర. తేడా 54 సెకన్లు. గరాజ్ తలుపు తెరుచుకునేదాకా ఎలాగూ ఆగాల్సిందే.

ముసలివాళ్ళ సంగతి ఎందుకు ఎత్తానంటే, సాయంత్రం పూట ఈ కమ్యూనిటీల్లో నడిచేది ఎక్కువగా మన అమ్మానాన్నలే. ఆరు నెలలకని వచ్చి, కారు నడపలేక, పగలంతా ఇంట్లో ఉండి, ఎండ తగ్గాక నలుగురైదుగురు కలిసి బయల్దేరతారు. అరవై ఏళ్ళుగా వాళ్ళ కళ్ళకి ఒక అలవాటు పట్టేసింది: రోడ్డు దాటేముందు మొదట కుడివైపు చూస్తారు. మన దేశంలో బండి వచ్చేది అటునుంచే కదా. ఇక్కడ మొదట వచ్చేది ఎడమ నుంచి. కుడివైపు ఖాళీగా ఉందని ఒక అడుగు వేసేస్తారు, ఆ తర్వాతే ఎడమకి తల తిప్పుతారు. ఆ ఒక్క అడుగునీ మన్నించేది మన వేగమే. వాళ్ళు వచ్చిన మొదటి రోజే వెంట నడిచి, "ఇక్కడ ముందు ఎడమ, నాన్నా" అని నాలుగు మూలల దగ్గరా దాటించి చూపించండి. సైడ్‌వాక్ ఉంటే దాని మీదే నడవమనండి, చీకటి పడితే లేత రంగు బట్టలు వేసుకోమనండి.

ఆలీల్లో 15 పెట్టింది ఊరికే కాదు. ఇక్కడ చాలా ఇళ్ళకి గరాజ్ వెనకవైపు ఉంటుంది, రెండు పక్కలా ఎత్తైన చెక్క ఫెన్సులు. రివర్స్‌లో వచ్చే కారుకి మీరు కనపడరు, మీకు అది కనపడదు. పిల్లలు సైకిళ్ళు, స్కూటర్లు తొక్కేదీ అక్కడే.

ఇక ఇండియాకి ఫోన్. మనకి పొద్దున ఎనిమిదంటే ఇంటి దగ్గర సాయంత్రం ఆరున్నర, చలికాలం అయితే ఏడున్నర. అమ్మతో మాట్లాడటానికి అందరికీ కుదిరే సమయం అదే, ఆఫీసుకి బయల్దేరేదీ అప్పుడే, స్కూల్ జోన్ లైట్లు వెలిగేదీ అప్పుడే. టెక్సస్‌లో 2017 సెప్టెంబరు నుంచి బండి కదులుతుండగా మెసేజ్ కొట్టడం రాష్ట్రమంతటా నేరం. స్కూల్ జోన్‌లో అయితే ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడటం కూడా కుదరదు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడితే చట్టం ఒప్పుకుంటుంది. నేను మాత్రం ఒప్పుకోను. స్కూల్ జోన్‌లో లిమిట్‌ని చాలాచోట్ల 20కి దించింది మీ దృష్టంతా రోడ్డు మీద ఉండాలనే. వీడియో కాల్‌లో పెట్టి ఫోన్‌ని డాష్‌బోర్డుకి తగిలించేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆ పది నిమిషాలు ఆగి, పార్కింగ్ లాట్‌కి చేరాక చేస్తే అమ్మేమీ అనుకోదు.

స్కూల్ బస్సు ఎర్రలైట్లు వెలిగిస్తే వెనకున్న కార్లే కాదు, ఎదురుగా వచ్చేవీ ఆగాలి. రోడ్డుకి మధ్యలో గట్టు గానీ గడ్డి మెడియన్ గానీ ఉంటేనే ఎదుటివాళ్ళకి మినహాయింపు. పసుపు గీతలేసిన లెఫ్ట్ టర్న్ లేన్ ఉంటే సరిపోదు. కొత్తవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మొదటిసారికే జరిమానా 500 నుంచి 1,250 డాలర్ల దాకా, పైగా దీన్ని డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు చేసి కొట్టేయించుకోలేరు.

హైదరాబాద్‌లో హెడ్‌లైట్ కొడితే "నేనొస్తున్నా, ఆగు" అని. ఇక్కడ ఎక్కువమంది "మీరు వెళ్ళండి" అనడానికి కొడతారు. ఎదుటివాడు కొట్టినంత మాత్రాన కదలకండి, మీరు కొట్టడం పూర్తిగా మానెయ్యండి. నాలుగువైపులా స్టాప్ ఉన్నచోట ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్తారు, ఒకేసారి వస్తే కుడివైపున్నవాళ్ళు. చక్రాలు పూర్తిగా ఆగాలి. పసుపు బాణం మిణుకుమంటుంటే లెఫ్ట్ తిరగొచ్చు గానీ ఎదురొచ్చేవాళ్ళూ, రోడ్డు దాటేవాళ్ళూ వెళ్ళాకే మన వంతు.

కాప్ వెనక లైట్లేస్తే కుడివైపుకి తీసి ఆపండి. మనూరి అలవాటు కొద్దీ దిగి ఆయన దగ్గరికి నడవకండి, చేతులు స్టీరింగ్ మీదే ఉంచండి. లైసెన్సు, ఇన్సూరెన్సు అడిగాకే తియ్యండి. టికెట్ మీద సంతకం తప్పు ఒప్పుకున్నట్టు కాదు, కోర్టుకి జవాబిస్తానని మాట ఇచ్చినట్టు. పెట్టనంటే అరెస్టు చెయ్యొచ్చు. టికెట్ మీదున్న తేదీలోపు కోర్టుని సంప్రదించకపోతే వారంటు పడొచ్చు. చిన్న టికెట్‌ని పెద్ద కేసుగా మార్చుకునేది చాలావరకు ఇలాగే.

లిమిట్ మీద 25 మైళ్ళ కంటే తక్కువ వేగంలో దొరికితే, ఏడాదికొకసారి ఆరు గంటల డిఫెన్సివ్ డ్రైవింగ్ క్లాసు చేసి కొట్టేయించుకోవచ్చు. దానికి టెక్సస్ లైసెన్సు ఉండాలి. ఇండియా లైసెన్సుతో నడుపుతున్నవాళ్ళకి ఆ దారి లేదు. వాళ్ళు కోర్టు క్లర్కుని డిఫర్డ్ డిస్పొజిషన్ గురించి అడగండి: జడ్జి ఒప్పుకుంటే, గడువులో మళ్ళీ ఉల్లంఘన లేకపోతే కేసు కొట్టేస్తారు.

రేసింగ్, రెక్‌లెస్ డ్రైవింగ్ వేరే సంగతి. రేసింగ్‌కి 180 రోజుల దాకా జైలు, 2,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. అరెస్టయితే వేలిముద్రలు రికార్డులోకి ఎక్కుతాయి, వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160 దరఖాస్తులో ఎప్పుడైనా అరెస్టయ్యారా అన్న ప్రశ్నకి అవునని రాయాలి. 2025 ఏప్రిల్‌లో సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు రద్దయిన విద్యార్థుల్లో చిన్న ట్రాఫిక్ కేసులు మాత్రమే ఉన్నవాళ్ళు కూడా ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరుకి ప్రభుత్వం పునరుద్ధరించడం మొదలుపెట్టింది గానీ, ఆ రోజులు పిల్లలు ఎలా గడిపారో వాళ్ళకే తెలుసు. కాబట్టి ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీదున్నవాళ్ళు కేసు కొట్టేశాక కోర్టు నుంచి కొట్టేసినట్టు కాగితం తీసుకుని పాస్‌పోర్టుతో పాటు దాచుకోండి. అరెస్టు దాకా పోయినవాళ్ళు గిల్టీ అని ఒప్పుకునే ముందు ట్రాఫిక్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌కి కూడా కేసు కాగితాలు చూపించండి.