600 మంది పచ్చళ్ల కస్టమర్లకు కబురు పెట్టడానికి ఏ యాప్ చౌక?

ప్రశ్న: మాది భీమవరం. ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతాను. కిలో డబ్బా మీద 120 రూపాయలు, మొత్తం మీద నెలకు 25 వేలు మిగులుతాయి. ఇక్కడ 600 మంది, అమెరికాలో ఇంకో 40 మంది కస్టమర్లున్నారు. ఏడాదికి 18 వేలు కడితే వాట్సాప్ ఏపీఐ (వ్యాపారుల సాఫ్ట్‌వేర్‌ని వాట్సాప్‌కి కలిపే ఏర్పాటు) పెట్టించి అందరికీ ఒకేసారి మెసేజ్‌లు వెళ్లేలా చేస్తానని ఒక ఏజెంట్ అంటున్నారు. మా అబ్బాయేమో టెలిగ్రామ్, అరట్టై అయితే ఫ్రీ కదా అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, డబ్బు ఇంకా కట్టకపోతే ఆగండి. ఆ 18 వేలు ఏజెంట్ సర్వీసుకు మాత్రమే. ఏపీఐలో వెళ్లే మెసేజ్‌లకు వాట్సాప్ యజమాని మెటా విడిగా చార్జీ వేస్తుంది. వాట్సాప్ ఒకప్పుడు మనలాంటి వాళ్ల దగ్గర ఏడాదికి ఒక డాలరు తీసుకునేది. 2016లో అది ఎత్తేసింది. ఇప్పుడు వ్యాపారుల నుంచి సంపాదిస్తోంది. 2025 జులై నుంచి మెసేజ్‌కి ఇంత అని లెక్క. "కొత్తావకాయ వచ్చింది" అన్న మెసేజ్ మార్కెటింగ్ కిందికి వస్తుంది. మన దేశంలో జీఎస్టీతో కలిపి దానికి సుమారు ఒక రూపాయి వేసుకోండి.

మీరు నెలకు నాలుగు మెసేజ్‌లు పెడితే 600 మందికి నెలకు 2,400 రూపాయలు, ఏడాదికి 28,800. ఏజెంట్ 18 వేలు కలిపితే 46,800. అంటే దాదాపు రెండు నెలల మీ కష్టం. ఇది తిరిగి రావాలంటే ఏడాదిలో 390 డబ్బాలు అదనంగా అమ్మాలి. నెలకు 32, 33 డబ్బాలు ఎక్కువ కలపడానికి మీ ఇంట్లో చేతులు ఉన్నాయా? ఆవకాయ సీజన్లో కాదు, ఆషాఢంలో ఆలోచించి చెప్పండి.

ఇంకో విషయం. అమెరికా నంబర్లకు మార్కెటింగ్ మెసేజ్‌లు పంపడాన్ని మెటా 2025 ఏప్రిల్లో ఆపేసింది. మీ 40 మంది అక్కడే ఉన్నారు, పైగా ఒక్కొక్కరు ఐదారు కిలోలు తెప్పించుకునేవాళ్లు అయ్యుంటారు. వాళ్లకు మెసేజ్ వెళ్తుందో లేదో ఏజెంట్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి.

ఇక మీ అబ్బాయి మాట. టెలిగ్రామ్ ఫ్రీయే, గ్రూపులో 2 లక్షల మంది దాకా పడతారు. జోహో వాళ్ల అరట్టై కూడా ఫ్రీయే. 2025 సెప్టెంబరులో లక్షల మంది ఒక్కసారిగా దాన్ని ఎక్కించుకున్నారు. సిగ్నల్ అనే మెసేజ్ యాప్ అయితే విరాళాల మీద నడుస్తుంది. నాకు వాటి మీద గౌరవమే. కానీ మన దేశంలో వాట్సాప్ వాడేవాళ్లు 50 కోట్ల పైమాటే. మీ దగ్గర గోంగూర కొనే పెద్దావిడ ఫోన్లో ఉన్నది అదొక్కటే కావచ్చు. ఆవిడ కొత్త యాప్ వేసుకోకపోతే మీ ఫ్రీ మెసేజ్ ఎవరు చదువుతారు? అనుమానముంటే మీ దగ్గర ఎక్కువగా కొనే 20 మందిని అడగండి, "ఏ యాప్‌లో మెసేజ్ పెట్టమంటారు?" అని. పదిహేను మంది ఏది చెబితే అదే మీకు చౌకైన యాప్.

అది వాట్సాపే అవుతుందని నా నమ్మకం. అప్పుడు వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి, దానికి డబ్బు అక్కర్లేదు. కేటలాగ్‌లో పచ్చడి ఫొటో, ధర పెట్టండి. ఒక్కో బ్రాడ్‌కాస్ట్ లిస్టులో (ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే జాబితా) 256 మంది పడతారు కాబట్టి మూడు లిస్టులు చాలు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ చేరుతుంది. డబ్బా మీద లేబుల్‌పై "ఈ నంబరు సేవ్ చేసుకోండి" అని అచ్చు వేయించండి. రోజూ స్టేటస్ పెట్టండి: "ఈ రోజు గోంగూర, 12 డబ్బాలే." కొనేవాళ్లను కదిలించేది ఆ "12 డబ్బాలే" అన్న మాట.

తక్కువ రేటుకు వేలల్లో మెసేజ్‌లు పంపిస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి. నా దగ్గర సలహా తీసుకునే ఒక బొటిక్ ఆవిడ అలాంటిది కొన్నారు. మూడో రోజుకి నంబరు బ్లాక్. ఎనిమిదేళ్ల కస్టమర్లంతా ఆ నంబరు మీదే ఉన్నారు. ఆవిడ ఫోన్ పట్టుకుని నా ముందు కూర్చుని ఏడ్చారు. ఆ రోజు నేను మర్చిపోలేను.

ఎస్సెమ్మెస్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు డీఎల్‌టీలో, అంటే అవి పంపేవాళ్లను నమోదు చేసే టెలికాం వ్యవస్థలో, రిజిస్ట్రేషన్ కావాలి. సొంత సిమ్ నుంచి ప్రచారం చేస్తే ఫిర్యాదుల మీద కనెక్షన్ పోవచ్చు.

యాప్ ఫ్రీ అయినా రీచార్జి ఫ్రీ కాదు. 28 రోజుల ప్యాక్ అయితే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. 299 రూపాయల ప్యాక్ అయితే 3,887 అవుతుంది. దాన్ని ఇంటి ఖర్చులో కాకుండా వ్యాపారం ఖాతాలో రాయండి, పచ్చడి ధర వేసేటప్పుడు లెక్కలోకి వస్తుంది.

కస్టమర్లు 2 వేలు దాటి, ఆర్డర్లకు జవాబివ్వడానికి ఇద్దరు మనుషులు కావాల్సి వచ్చినప్పుడు ఏపీఐ గురించి మళ్లీ రాయండి. కస్టమరే ముందు మెసేజ్ పెడితే 24 గంటల లోపు మీరిచ్చే జవాబుకు మెటా చార్జీ ఉండదు. ఖర్చు తగ్గించే దారి అందులోనే ఉంది, అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం. ఈలోగా ఆ 640 నంబర్లూ ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి, ఈ ఆదివారమే.