ఎన్నారై సందేహాలు: నాలుగో నంబరు చొక్కా వెనక కథ

ప్రశ్న: అక్కా, నమస్కారం. ఈ వేసవిలోనే అరిజోనా వచ్చి చాండ్లర్‌లో ఉద్యోగంలో చేరాను. మా బృందంలో సగం మంది అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో చదివినవాళ్ళు. కామ్ స్కాటెబూ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడి పేరెత్తితే చాలు, చేతిలో పని పక్కన పెట్టి మాట్లాడతారు. అతను ఇక్కడి నుంచి వెళ్ళిపోయి న్యూయార్క్ జెయింట్స్ అనే వృత్తి జట్టులో చేరాడట. వెళ్ళిపోయినవాడి మీద ఇంత ప్రేమ ఎందుకు? ఆట గురించి ఏమీ తెలియని నేను వీళ్ళతో ఎలా కలవాలి?

జవాబు: తమ్ముడూ, ఆ యూనివర్సిటీ ఉన్న టెంపేలో, మీ చాండ్లర్ చుట్టుపక్కల కొత్తగా దిగిన మన పిల్లలు చాలామందికి ఈ సందేహం ఉంటుంది. అడగడానికి మొహమాటపడి, ఫుట్‌బాల్ మాట రాగానే ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. నువ్వు అడిగినందుకు సంతోషం. స్కాటెబూ అంటే ప్రాణం పెట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. బంతి చేతికి వచ్చిన జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. వెళితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. బంతిని పొట్టకు హత్తుకుని మనుషుల గోడలోకి దూసుకుపోయేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. స్కాటెబూ పని అదే, ఇక్కడ అతని చొక్కా నంబరు నాలుగు. కబడ్డీలో పట్టుపడ్డాక కూడా నలుగురిని ఈడ్చుకుంటూ గీత దాకా పాకే ఆటగాణ్ణి చూశావు కదా, అలా ఆడతాడు. మొదటి దెబ్బకు పడడు. పడినా ముందుకే పడతాడు. ఆరడుగుల లోపు ఎత్తు, దగ్గర దగ్గర 220 పౌండ్ల బరువు. వేగం చాలదని విశ్లేషకులు పెదవి విరిచారు. దెబ్బ తగిలాక అతను సంపాదించే గజాలను మాత్రం ఎవరూ కాదనలేకపోయారు.

అతను పుట్టి పెరిగింది ఈ రాష్ట్రంలో కాదు. కాలిఫోర్నియాలో శాక్రమెంటో పక్కన ఉన్న రియో లిండా అతని ఊరు. హైస్కూల్లో ఎంత బాగా ఆడినా పెద్ద జట్లున్న విశ్వవిద్యాలయాలు పట్టించుకోలేదు. దగ్గర్లోని శాక్రమెంటో స్టేట్‌లో చేరాడు. అది కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక మెట్టు కింది శ్రేణిలో ఆడే జట్టు. అక్కడ రాణించి 2023లో టెంపేకి వచ్చాడు.

వచ్చిన సంవత్సరం ఇక్కడ ఏం జరిగిందో నీ సహోద్యోగుల్లో ఎవరినైనా అడుగు. పన్నెండు ఆటల్లో మూడే గెలుపులు. గాయాలతో ఆటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. ఆ చితికిన జట్టులో స్కాటెబూ పరిగెత్తాడు, బంతి అందుకున్నాడు, బంతి విసిరాడు, చివరికి కాలితో తన్ని పంట్ చేసే పనీ చేశాడు. ఈ ఆటలో ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటాడు. ఇన్ని పనులు ఒకడే నెత్తిన వేసుకోవడం అరుదు. సగం ఖాళీ అయిన స్టేడియంలో, గెలుపు ఆశ లేని ఆటలో, ఆఖరి నిమిషంలోనూ ఇద్దరిని మీద మోసుకుంటూ ఇంకో గజం కోసం తలవంచి తోసేవాడు. అతని మీద ఈ ఊరి ప్రేమ గెలుపుల్లో మొదలైందనుకుంటే పొరపాటు. ఆ ఓటమి ఏడాదిలోనే పుట్టింది.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ మధ్య కాలేజీ ఆటగాళ్ళు జట్లు మారడం చాలా తేలికైంది. 2021 జులై నుంచి తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు సంపాదించుకునే వీలు కూడా వచ్చింది. ఓడే జట్టును వదిలి మంచి జట్టుకు వెళ్ళే దారి అందరికీ తెరిచే ఉంది. వెళ్ళేవాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళ బతుకు వాళ్ళది. స్కాటెబూ మాత్రం ఉండిపోయాడు. 2024లో అరిజోనా స్టేట్ బిగ్ 12 అనే కొత్త కూటమిలో అడుగుపెట్టినప్పుడు, ఈ జట్టు పదహారో స్థానంలో, అంటే అట్టడుగున నిలుస్తుందని ముందస్తు అంచనాలు వేశారు. డిసెంబరు 7న టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో జరిగిన కూటమి ఫైనల్‌లో అయోవా స్టేట్‌ను 45-19తో ఓడించి అదే జట్టు కప్పు ఎత్తుకుంది. ఆ ఆటలో స్కాటెబూ ఒక్కడే 170 గజాలు పరిగెత్తాడు. సీజన్ మొత్తం మీద 1,711 గజాలు.

ఇక 2025 జనవరి 1. అట్లాంటాలో పీచ్ బౌల్, జాతీయ పోటీల్లో క్వార్టర్ ఫైనల్, ఎదురుగా టెక్సస్. ఇది మాత్రం నువ్వు వీడియో పెట్టుకుని చూడాలి. అతనికి ఒంట్లో బాగాలేక మైదానం పక్కన వాంతి చేసుకున్నాడు, మళ్ళీ వెళ్ళి ఆడాడు. నాలుగో భాగంలో జట్టు 24-8తో వెనకబడి ఉంది. అలాంటి సమయంలో రన్నింగ్ బ్యాక్ అయిన ఇతను బంతి విసిరి 42 గజాల టచ్‌డౌన్ (బంతిని అవతలి జట్టు చివరి గీత దాటించడం) చేయించాడు. తర్వాత తనే ఒక పాస్ అందుకుని 62 గజాలు తీసుకెళ్ళాడు, ఆ వెంటనే గోడను తోసుకుని టచ్‌డౌన్ చేశాడు. స్కోరు 24-24. అదనపు సమయంలో మొదటి టచ్‌డౌన్ కూడా అతనిదే. టెక్సస్‌కు నాలుగో ప్రయత్నం, ఇంకా పదమూడు గజాలు కావాలి. ఆపితే మనదే గెలుపు. ఆపలేకపోయారు. రెండో అదనపు సమయంలో 39-31తో ఆట చేజారింది. ఆ రోజు అతని లెక్క: పరుగులో 143 గజాలు, అందుకున్న బంతులతో 99. ఓడిన ఆటే అయినా, దాని గురించి చెప్పేటప్పుడు ఇక్కడివాళ్ళ గొంతులో గర్వమే వినిపిస్తుంది. ఆఖర్లో రిఫరీలు ఒక దెబ్బకు శిక్ష వేయకుండా వదిలేశారన్న బాధ మాత్రం చాలామందికి ఇంకా తీరలేదు. ఆ ప్రస్తావన వస్తే వాదించకు, విను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. వెళ్ళిపోయినవాడి మీద ప్రేమ ఎందుకు? కాలేజీ ఆటగాడు వెళ్ళిపోవడం ఇక్కడ ఎవరికీ ద్రోహంలా అనిపించదు. చదువు పూర్తయితే పిల్లలు ఉద్యోగానికి వెళ్ళరా? పైగా ఏ జట్టుకు ఆడాలో నిర్ణయించుకునే హక్కు కూడా అతనికి లేదు. ఏటా వసంతకాలంలో జరిగే డ్రాఫ్ట్‌లో 32 వృత్తి జట్లు ఏడు విడతలుగా ఆటగాళ్ళను ఎంచుకుంటాయి. కాలేజీలో ఆడే వంద మందిలో ఇద్దరికి కూడా ఆ అవకాశం రాదు. 2025లో మొదటి మూడు విడతల్లో స్కాటెబూ పేరు ఎవరూ పిలవలేదు. నాలుగో విడతలో 105వ ఆటగాడిగా జెయింట్స్ తీసుకుంది. వంద మందికి పైగా తనకంటే ముందు వెళ్ళారు. మా ఇళ్ళల్లో ఆ ఆలస్యాన్ని సొంత అవమానంగా పట్టుకున్నాం. అక్టోబరు 9న అతను ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద మూడు టచ్‌డౌన్లు చేస్తే, ఆట న్యూజెర్సీలో జరిగినా సందడి టెంపేలో వినిపించింది. సరిగ్గా అదే నెల 26న, అదే జట్టు మీద ఆడుతూ, చీలమండ తప్పి బండి మీద బయటికి వెళ్ళాడు. శస్త్రచికిత్స జరిగింది, ఆ సీజన్ ముగిసింది. ఆ సోమవారం ఇక్కడి ఆఫీసుల్లో మనుషుల మొహాలు చూసి ఉంటే నువ్వు ఈ ప్రశ్న అడిగేవాడివే కాదు.

ఈ ప్రేమకు ఇంకా లోతైన వేరు ఒకటుంది. స్టేడియం దగ్గర పాట్ టిల్మన్ విగ్రహం చూశావా? అతనూ ఇక్కడే చదివాడు, ఇక్కడే ఆడాడు, నంబరు 42. చిన్నగా ఉన్నాడని అతన్నీ తక్కువ అంచనా వేశారు. 1998 డ్రాఫ్ట్‌లో ఏడో విడతలో 226వ ఆటగాడిగా అరిజోనా కార్డినల్స్ తీసుకుంది. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత, 2002లో ఫుట్‌బాల్ వదిలి సైన్యంలో చేరాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్తాన్‌లో సొంత పక్షం తూటాలకే చనిపోయాడు. ఏటా ఏప్రిల్‌లో టెంపేలో అతని పేరుతో 4.2 మైళ్ళ పరుగు జరుగుతుంది, స్టేడియంలోని 42వ గజం గీత దగ్గర ముగుస్తుంది. స్కాటెబూను టిల్మన్‌తో పోల్చమని నేను చెప్పను, ఆ త్యాగం వేరు. కానీ ఎవరూ ఆశ పెట్టుకోని మనిషి ఒళ్ళు దాచుకోకుండా ఆడితే ఈ ఊరు గుండెల్లో పెట్టుకుంటుంది. అది ఇక్కడ ఒక తరం నుంచి వస్తున్న అలవాటు.

స్కాటెబూ కూడా బయటినుంచి వచ్చినవాడేనని గుర్తుపెట్టుకో. ఇక్కడ ఉన్నది రెండేళ్ళు. నీది ఏ ఊరు అని అతన్ని ఎవరూ అడగలేదు.

కలవడం ఎలా అన్నావు. తెలిసినట్టు నటించకు, అంతకన్నా చెడ్డది లేదు. "పీచ్ బౌల్ మీరు ఎక్కడ చూశారు?" అని ఒక్క ప్రశ్న వేయి. అరగంట సేపు నువ్వు మాట్లాడాల్సిన అవసరమే ఉండదు. కాలేజీ ఆటలు శనివారాలు, వృత్తి జట్ల ఆటలు ఎక్కువగా ఆదివారాలు. అరిజోనాలో గడియారం ముందుకూ వెనక్కూ జరపరు కాబట్టి, సెప్టెంబరు, అక్టోబరుల్లో తూర్పున మధ్యాహ్నం ఒంటిగంట ఆట మనకు ఉదయం పదికే మొదలవుతుంది. నవంబరు మొదటివారం తర్వాత పదకొండుకు. ఆదివారం ఆ వేళకు సహోద్యోగి ఫోను ఎత్తకపోతే నొచ్చుకోకు. టూసాన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా బద్ధ ప్రత్యర్థి, వాళ్ళ రంగులు ఎరుపు, నీలం. ఆ రంగుల చొక్కాతో ఆటకు వెళ్ళకు. మనది మెరూన్, బంగారు రంగు.

ఆఫీసులో డబ్బు పెట్టి పందేలు కాసే బృందంలోకి పిలుస్తారు. అరిజోనాలో 2021 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళకు క్రీడా పందేలు చట్టబద్ధమే. అయినా వద్దంటాను. ఇంటికి పంపాల్సిన డబ్బు, చదువు అప్పు వాయిదా ఉన్న కొత్తవాళ్ళకు ఇది గొంతుకు ఉరి. మర్యాదగా తప్పుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు.

పెళ్ళయి పిల్లలున్నవాళ్ళు ఈ జవాబు చదువుతుంటే వాళ్ళకు ఒక మాట. స్కాటెబూను చూసి మీ అబ్బాయి ఫుట్‌బాల్ ఆడతానంటే వెంటనే కాదనకండి. మనుషుల్ని పడగొట్టకుండా, నడుముకు కట్టిన గుడ్డ ముక్క లాగి ఆపే ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది, అమ్మాయిలూ ఆడతారు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంది. తలకు దెబ్బలు తగిలే అసలు ఆట సంగతి డాక్టరుతో మాట్లాడి తర్వాత తేల్చుకోవచ్చు.

తమ్ముడూ, ఈ సీజన్‌లో ఒక్క ఆటకైనా స్టేడియానికి వెళ్ళు, ఒంటరిగా కాదు, ఆ సహోద్యోగులతోనే. సంచి పట్టుకెళితే లోపలిది బయటికి కనిపించే సంచే ఉండాలి, మామూలు బ్యాగును గేటు దగ్గరే ఆపేస్తారు. సెప్టెంబరులో పొద్దుగూకాక కూడా వేడి దిగదు, బయలుదేరేముందే నీళ్ళు బాగా తాగు. నాలుగో నంబరు చొక్కాలు ఎన్ని కనిపిస్తాయో చూసి నాకు రాయి.