కోచ్‌ను తొలగించాలా, కొనసాగించాలా? పాఠకుల ఫుట్‌బాల్ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను అభిమానించే జట్టు గత తొమ్మిది లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి, పట్టికలో కింది నుంచి నాలుగో స్థానంలో ఉంది. మ్యాచ్‌లు కలిసి చూసే మా మిత్రబృందం రెండుగా చీలిపోయింది. కోచ్‌ను ఇప్పుడే తొలగించకపోతే దిగువ డివిజన్‌కు పడిపోవడం ఖాయమని కొందరు వాదిస్తుండగా, రెండేళ్ల కిందట జట్టును పై డివిజన్‌కు తెచ్చిన మనిషికి సీజన్ ముగిసేదాకా గడువు ఇవ్వాలని మిగిలినవారు అంటున్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. దేన్ని చూసి నిర్ణయానికి రావాలి?

జవాబు: రెండేళ్ల కిందటి ఘనతను ముందుగా ఈ చర్చలోంచి తీసేయండి. ఆ కోచ్ పట్ల కృతజ్ఞత ఉండవలసిందే. కాని రేపటి మ్యాచ్‌కు జట్టును ఎవరు సిద్ధం చేయాలన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. 2016లో లెస్టర్ సిటీని ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో విజేతగా నిలిపిన కోచ్ క్లాడియో రానియేరిని, ఆ క్లబ్ పది నెలలు తిరక్కుండానే, 2017 ఫిబ్రవరిలో తొలగించింది. అప్పటికి జట్టు దిగువ డివిజన్‌కు జారే స్థానాల కంటే ఒక్క పాయింటు మాత్రమే పైన ఉంది. ఇంత కృతఘ్నత ఎక్కడైనా ఉంటుందా అని ఫుట్‌బాల్ లోకమంతా దుమ్మెత్తిపోసింది. అయితే సహాయ కోచ్‌గా ఉన్న క్రెయిగ్ షేక్స్‌పియర్ బాధ్యత తీసుకున్నాక జట్టు వరుసగా అయిదు లీగ్ మ్యాచ్‌లు గెలిచి, చివరికి 12వ స్థానంలో నిలిచింది. ఆ నిర్ణయం నాకు ఇప్పటికీ మింగుడుపడదు గాని, అది తప్పని నిరూపించడం కష్టం.

ఇక చూడవలసింది ఫలితాల వెనుక ఉన్న ఆటను. ఫుట్‌బాల్‌లో గోల్స్ చాలా తక్కువగా పడతాయి కాబట్టి, బంతి గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోవడం, రిఫరీ ఒక పెనాల్టీ ఇవ్వకపోవడం వంటి చిన్న విషయాలు కూడా నెల రోజుల ఫలితాలను తారుమారు చేయగలవు. అందుకే ఎన్ని గోల్స్ పడ్డాయన్న దానితో పాటు, ఒక్కో షాట్ ఎంత మంచి అవకాశమో లెక్కగట్టే ‘ఎక్స్‌పెక్టెడ్ గోల్స్’ అంకెలను కూడా క్లబ్బులు చూస్తాయి. యుర్గెన్ క్లాప్ ఆధ్వర్యంలోని బొరూసియా డార్ట్‌మండ్ 2015 ఫిబ్రవరి మొదట్లో జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగా పట్టికలో అట్టడుగున ఉంది. గోల్ అవకాశాలు సృష్టించడంలో మాత్రం ఆ జట్టు అంత అధ్వానంగా లేదు. క్లబ్ ఆయనను తొలగించలేదు, జట్టు ఏడో స్థానంలో సీజన్ ముగించింది, క్లాప్ తన ఇష్టప్రకారమే వేసవిలో తప్పుకున్నాడు.

అంకెలు అందుబాటులో లేకపోయినా కళ్లతో పసిగట్టగలిగినవి కొన్ని ఉంటాయి. వచ్చే మ్యాచ్‌లో మీ జట్టు గోల్ సమర్పించుకుంటే, ఆ తర్వాతి పది నిమిషాలు బంతిని వదిలేసి ఆటగాళ్లను గమనించండి. ఫార్వర్డ్ ఆటగాడు ప్రత్యర్థి డిఫెండర్ మీదికి ఒత్తిడి పెడుతూ పరుగెత్తాడనుకుందాం. అతనితో పాటు మిడ్‌ఫీల్డ్ కూడా ముందుకు కదిలితే, ఫలితం ఎలా ఉన్నా, శిక్షణలో చెప్పిన మాట మీద జట్టుకు ఇంకా నమ్మకం ఉన్నట్లే. అతను ఒక్కడే పరుగెత్తి, వెనక్కి తిరిగి చూసి, తన జట్టువాళ్లు ఇరవై మీటర్ల వెనుక నిలబడి ఉండడం చూసి చేతులు రెండూ చాపి ఊరుకున్నాడంటే, ఆ దృశ్యం రెండు మూడు వారాలుగా పునరావృతమవుతోందంటే, జట్టు కోచ్ చేయి దాటిపోయిందని నేను అనుకుంటాను. కార్నర్ కిక్‌లను కూడా చూడండి. ఒకే తరహా కార్నర్‌కు, దగ్గరి పోస్టు వద్ద ఒకే ఖాళీలోంచి మూడు మ్యాచ్‌లలో గోల్ పడితే, దాన్ని దురదృష్టం ఖాతాలో వేయడానికి వీల్లేదు, ఎందుకంటే వారంలో ఒక గంట సాధనతో సరిదిద్దగలిగిన లోపమది.

ఈ లక్షణాలు కనిపించకపోతే గడువు అడిగే మీ మిత్రుల పక్షాన ఉండండి. కనిపిస్తే, మార్పును వాయిదా వేయడం వల్ల ఎవరికీ మేలు జరగదు.

ప్రశ్న: కొత్త కోచ్ వచ్చిన వెంటనే జట్లు గెలవడం మొదలుపెడతాయి కదా? అటువంటప్పుడు ఇంత తర్జనభర్జన దేనికి?

జవాబు: గెలుస్తాయి, నిజమే. అయితే ఆ గెలుపులన్నీ కొత్త కోచ్ పుణ్యమేనా అన్నదే అనుమానం. యాజమాన్యాలు కోచ్‌ను సాగనంపేది జట్టు ఎన్నడూ లేనంత దీనస్థితిలో ఉన్నప్పుడే. అంత అడుగుకు పోయిన జట్టు, ఎవరు ఏం చేసినా చేయకపోయినా, కొంతైనా తన మామూలు స్థాయికి తిరిగి వస్తుంది. నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పులను ఆర్థికవేత్త బాస్ టెర్ వేల్ పరిశీలించారు. కోచ్‌ను మార్చిన జట్లను, అంతే దెబ్బతిని కూడా కోచ్‌ను మార్చని జట్లతో పోల్చినప్పుడు, రెండూ దాదాపు ఒకే తీరుగా కోలుకున్నట్లు తేలింది.

ఇంగ్లండ్ క్లబ్ బర్న్‌లీ ఉదంతం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. దాదాపు పదేళ్లు జట్టును నడిపిన షాన్ డైచ్‌ను ఆ క్లబ్ 2022 ఏప్రిల్‌లో, సీజన్‌లో ఎనిమిది మ్యాచ్‌లు మాత్రమే మిగిలి ఉండగా తొలగించింది. తాత్కాలికంగా పగ్గాలు చేపట్టిన మైక్ జాక్సన్ హయాంలో మొదటి మ్యాచ్ డ్రా కాగా, తర్వాతి మూడు గెలిచారు. ఆ పక్షం రోజులు యాజమాన్యం తెలివిని మెచ్చుకోనివారు లేరు. మిగిలిన నాలుగింటిలో ఒక్కటీ గెలవలేక, ఆఖరి రోజు న్యూకాజిల్ చేతిలో ఓడి బర్న్‌లీ దిగువ డివిజన్‌కు వెళ్లిపోయింది. అంత ఆలస్యంగా వచ్చినవారికి ఆటగాళ్లను కొనే అవకాశం కూడా ఉండదు. బదిలీలకు అనుమతి వేసవిలోనూ జనవరిలోనూ మాత్రమే కాబట్టి, మార్చదలిస్తే నవంబర్‌లో మార్చడం వేరు, ఏప్రిల్‌లో మార్చడం వేరు.

కోచ్ మార్పు ఎప్పుడూ కంటితుడుపేనని దీనర్థం కాదు. 2022 అక్టోబర్‌లో షాబీ అలోన్సో బాధ్యతలు స్వీకరించేనాటికి బాయర్ లెవర్కూసెన్ కింది నుంచి రెండో స్థానంలో ఉంది. ఆ సీజన్‌ను ఆరో స్థానంలో ముగించి, మరుసటి సీజన్‌లో లీగ్‌లో ఒక్క ఓటమి కూడా లేకుండా బుండెస్‌లిగా గెలిచింది. అంతటి మలుపును మామూలు స్థాయికి తిరిగి రావడమని ఎవరూ అనలేరు.

ప్రశ్న: అలెక్స్ ఫెర్గూసన్‌ను మాంచెస్టర్ యునైటెడ్ తొలి రోజుల్లో తొలగించి ఉంటే ఆ క్లబ్ తర్వాత సాధించిన విజయాల చరిత్రే ఉండేది కాదు. ఓపిక పట్టాలనడానికి ఇంతకంటే రుజువు కావాలా?

జవాబు: ఈ ఉదాహరణ లేకుండా ఈ వాదన ఎక్కడా జరగదు, కనుక మీరు తెచ్చినందుకు ఆశ్చర్యపడను. ఫెర్గూసన్ 1986 నవంబర్‌లో వచ్చాడు. 1989-90 సీజన్‌లో జట్టు లీగ్‌లో 13వ స్థానానికి పడిపోయింది, ఆయన వెళ్లిపోవాలంటూ స్టేడియంలో బ్యానర్లు లేచాయి. 1990 జనవరిలో నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌పై, ఇంగ్లండ్ నాకౌట్ పోటీ అయిన ఎఫ్‌ఏ కప్ మ్యాచ్‌లో మార్క్ హ్యూస్ పాదం వెలుపలి అంచుతో పంపిన బంతిని మార్క్ రాబిన్స్ తలతో గోల్‌లోకి నెట్టాడు. ఆ ఒక్క గోల్ ఫెర్గూసన్ ఉద్యోగాన్ని కాపాడిందని నేటికీ చెప్పుకుంటారు. ఓడినా తొలగించేవాళ్లం కాదని అప్పటి చైర్మన్ మార్టిన్ ఎడ్వర్డ్స్ తర్వాత చెప్పారు. నాకు ఆ మాటే నమ్మదగినదిగా తోస్తుంది, ఎందుకంటే యువ ఆటగాళ్లను వెతికి తీర్చిదిద్దే వ్యవస్థను ఆయన కొత్తగా నిర్మిస్తున్నాడన్న సంగతి క్లబ్ కళ్లెదుట ఉంది.

గడువు పొందిన కోచ్‌లందరి కథా ఇలా ముగియదు. గడువిచ్చినా ఫలితం రానివారిని మనం గుర్తుంచుకోము, అంతే. సౌతాంప్టన్ 2019లో లెస్టర్ చేతిలో 9-0 తేడాతో ఓడినప్పుడు రాల్ఫ్ హాసెన్‌హూటిల్‌ను ఉంచింది, జట్టు ఆ సీజన్‌లో 11వ స్థానం దాకా ఎదిగింది. 2021లో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో మళ్లీ 9-0 తేడాతో ఓడినా ఉంచింది. చివరికి 2022 నవంబర్‌లో తొలగించి, నేథన్ జోన్స్‌ను తెచ్చి, అతనినీ మూడు నెలల్లోనే పంపించి, సీజన్ ముగిసేసరికి అందరికంటే అడుగున నిలిచి దిగువ డివిజన్‌కు వెళ్లింది. ఎవరిని తీసేయాలన్న చర్చ జరిగినంతగా, వారి స్థానంలో ఎవరు వస్తారన్న చర్చ జరగలేదన్నమాట. మీ బృందంలో తొలగించాలని పట్టుబట్టేవారిని ఒక పేరు చెప్పమనండి. ఆ వ్యక్తి ఖాళీగా ఉన్నాడా, ఉన్న ఆటగాళ్లతో అతని పద్ధతి సాగుతుందా అని అడగండి.

ప్రశ్న: ఆడేది ఆటగాళ్లు, ఓడేది ఆటగాళ్లు. శిక్ష కోచ్‌కే ఎందుకు?

జవాబు: పాతికమంది ఆటగాళ్లను సీజన్ మధ్యలో మార్చే వీలు లేదు, కోచ్‌నైతే ఒక్క సాయంత్రంలో మార్చవచ్చు. ఇందులో న్యాయం కంటే సౌలభ్యమే ఎక్కువ. అయితే ఆ ఆటగాళ్లను కొన్నవారు ఎవరన్నది కూడా అడగాలి. వాట్‌ఫర్డ్ 2019-20 సీజన్‌లో హావి గ్రాసియా, కికే సాంచెజ్ ఫ్లోరెస్, నైజెల్ పియర్సన్ అనే ముగ్గురిని ఒకరి తర్వాత ఒకరిగా తొలగించింది. వారిలో ఆఖరివాడిని పంపించేనాటికి రెండు మ్యాచ్‌లే మిగిలి ఉన్నాయి. అయినా జట్టు దిగువ డివిజన్‌కు పడిపోయింది. ముగ్గురు కోచ్‌లు మారినప్పుడు, ఆ ముగ్గురినీ ఎంపిక చేసినవారిని ఎవరు ప్రశ్నించాలో మీ మిత్రబృందంలో రెండు పక్షాలూ కలిసి ఆలోచించవచ్చు.